న్యాయశాఖ మంత్రిగారు జడ్జిగారేనా?



పై ప్రశ్న మాది కాదు. రేపల్లెలో ఏడవ తరగతి చదువుతున్న ఒక బిడ్డ అడిగినది. "ప్రభుత్వానికి మూడు శాఖలు: శాసన శాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయ శాఖ" అని బడిలో బట్టీ పట్టించారు. ఇంటికి వస్తే పేపరులో "న్యాయశాఖ మంత్రి" అని కనిపించింది. ఒక శాఖకు మంత్రి ఉంటే ఆ శాఖలోని వారందరికీ ఆయన పెద్ద గదా, మరి జడ్జిగారికి కూడా ఆయనే పెద్దా అని ఆ బిడ్డ సందేహం.

ఆ బిడ్డ ఆలోచనలో లోపమేమీ లేదు. లోపం మన మాటలో ఉన్నది. "శాఖ" అనే ఒక్క మాటను మనం రెండు సంగతులకు వాడుతున్నాము. ప్రభుత్వమనే చెట్టుకు ఉన్న మూడు పెద్ద కొమ్మలకూ శాఖ అనే పేరే, ఒక ఆఫీసు డిపార్టుమెంటుకూ శాఖ అనే పేరే. విద్యాశాఖ, రెవిన్యూ శాఖ, పోలీసు శాఖ, న్యాయశాఖ – ఇవన్నీ డిపార్టుమెంట్లు. అన్నీ కార్యనిర్వాహక విభాగం క్రిందివే. న్యాయశాఖ మంత్రిగారు చట్టాల ముసాయిదాలు, ప్రభుత్వ లాయర్ల సంగతి, కోర్టు కట్టడాలకు కావలసిన డబ్బు వంటివి చూచుకుంటారు. ఒక్క కేసులోనైనా ఒక్క వాక్యం తీర్పు చెప్పడానికి ఆయనకు అధికారం లేదు. అందుచేత పిల్లలతో మాట్లాడేటప్పుడు మేము మూడవ కొమ్మను "న్యాయవ్యవస్థ" అనే అంటున్నాము. మీరు కూడా అలాగే అనండి, సగం తికమక అక్కడే పోతుంది.

మిగిలిన సగం "మేజిస్ట్రేటు" అనే మాటలో ఉన్నది. కలెక్టరు గారిని జిల్లా మేజిస్ట్రేటు అంటారు. తహసిల్దారు గారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. కోర్టులో కూర్చున్నవారు జుడీషియల్ మేజిస్ట్రేటు. తెల్లదొరల కాలంలో శిస్తు వసూలు చేసిన చెయ్యే శిక్ష కూడా వేసేది, ఆ పేర్ల వాసన ఇంకా మిగిలి ఉన్నది. ఈ రెండింటినీ వేరు చేయాలని మన రాజ్యాంగం 50వ అధికరణంలో వ్రాసుకున్నాము. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 1974 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన తరువాత దేశమంతటా ఈ ఇద్దరు మేజిస్ట్రేట్ల పనులు స్పష్టంగా విడిపోయాయి.

కుటుంబ పత్రికలో ఈ పౌరనీతి పాఠం ఎందుకని కొందరు అనుకోవచ్చు. మా ఎరుకలో ఎన్నో కుటుంబాలు ఏ పనికి ఏ తలుపు తట్టాలో తెలియక ఏళ్ళ తరబడి తిరుగుతున్నవి. కోర్టులో ఉన్న పొలం తగాదాకు ఎమ్మెల్యే గారి ఇంటి ముందు నిలబడతారు. తహసిల్దారు ఇవ్వవలసిన కాగితానికి లాయరుకు ఫీజు కడతారు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉండి కూడా దారి చెప్పలేకపోతున్నారు. మార్కులు మాత్రం నూటికి తొంభై!

పటంతో మొదలుపెట్టండి. తెనాలి, బాపట్ల, రేపల్లె – ఈ మూడు ఊళ్ళ పిల్లలకు దేవుడిచ్చిన పాఠ్యపుస్తకం మన జిల్లా పటమే. 2022 ఏప్రిల్ 3వ తేదీ వరకు మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. మూడింటికీ ఆర్.డి.ఓ. గారు తెనాలిలో ఉండేవారు. మరునాడు, అంటే ఏప్రిల్ 4న, బాపట్ల కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్ళాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఇక్కడ పిల్లలను అడగండి: ఆ ఒక్క రాత్రిలో ఏమి మారింది?

కలెక్టరు మారారు. ఎస్పీ గారు మారారు. అర్జీ పట్టుకొని గుంటూరు బస్సు ఎక్కవలసినవారు బాపట్ల బస్సు ఎక్కారు. మరి ఎమ్మెల్యే మారారా? లేదు. ఎంపీ మారారా? లేదు. కోర్టులో ఉన్న కేసు ఆ ఉదయం కొత్త జిల్లా కోర్టుకు వెళ్ళిందా? అదీ లేదు. ఎందుకని?

ఈ "ఎందుకని" దగ్గర తొందరపడకండి, పిల్లలను కాసేపు గింజుకోనివ్వండి. కలెక్టరు గారి జిల్లా గీతను గీసేది రాష్ట్ర ప్రభుత్వం, అంటే కార్యనిర్వాహక విభాగం. అయితే ఆ పెన్సిలు దానికి ఇచ్చింది శాసనసభ, 1974లో చేసిన జిల్లాల ఏర్పాటు చట్టం ద్వారా. ఎమ్మెల్యే, ఎంపీల నియోజకవర్గాల గీత మరొకరిది. పార్లమెంటు చట్టం క్రింద నియమించబడిన డీలిమిటేషన్ కమిషన్ ఆ పని చేస్తుంది. ఇప్పుడున్న గీతలు 2008లో ఖాయమైనవి. తాతగారిని అడిగితే తెనాలి పేరుతోనే ఒక పార్లమెంటు స్థానం ఉండేదని, 1957లో ఎన్.జి. రంగా గారు ఇక్కడినుండి గెలిచారని చెబుతారు. ఆ స్థానం 2009 ఎన్నికలనాటికి పటంలో లేదు. ఇక కోర్టుల హద్దులు మూడవ గీత. దానిని ప్రభుత్వం తనంతట తాను మార్చడానికి లేదు, హైకోర్టును సంప్రదించాలి. మూడు రంగుల పెన్సిళ్ళు ఇచ్చి ఒకే కాగితం మీద ఈ మూడు గీతలు గీయించండి. ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడవు. అధికారం ఒక్క చేతిలో లేదనే మాటకు అంతకంటె మంచి బొమ్మ మాకు తెలియదు.

పటం అయిన తరువాత తుఫాను. మన తీరప్రాంతం పిల్లలకు దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2010 మే నెలలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్, రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి అమ్మమ్మలు చెప్పగా విన్నవారే అందరూ. కాబట్టి "కార్యనిర్వాహక విభాగము అనగా నేమి?" అని నిర్వచనం చెప్పించడానికి బదులు మిచౌంగ్ వచ్చిన రోజులను గుర్తుచేసి వరుసగా అడగండి. తుఫాను వస్తోందని ముందుగా చెప్పినది ఎవరు? నిజాంపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరవేసినది ఎవరు? బడులకు సెలవు ఇచ్చినది ఎవరు? లోతట్టు గుడిసెలవారిని పునరావాస కేంద్రానికి చేర్చినది, కరెంటు స్తంభాలు మళ్ళీ నిలబెట్టినది ఎవరు? వాతావరణ శాఖ, రేవు అధికారులు, కలెక్టరు, రెవిన్యూవారు, పోలీసులు, కరెంటువారు. ఇందరు ఉన్నా కొమ్మ ఒక్కటే. చేసేవారు అంటే వీరు.

అప్పుడు అడగండి: ఖాళీ చేయమని మనిషిని ఆజ్ఞాపించడానికి కలెక్టరు గారికి అధికారం ఎక్కడిది? ఆయన పొడుగరి కాబట్టి కాదు గదా! 2004 డిసెంబరులో సునామీ వచ్చిన మరుసటి సంవత్సరం, 2005లో, పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండాలని అందులో ఉన్నది. 1977లో ఇటువంటి చట్టం లేదు. కేంద్రంలో పంచిన బియ్యం బస్తాకైనా చట్టసభ ఆమోదం కావాలి. ఖజానాలోని ఒక్క రూపాయి కూడా చట్టం అనుమతి లేకుండా బయటికి రాకూడదని రాజ్యాంగం. మంత్రిగారి మాట మీద మాత్రమే డబ్బు కదలదు. ఈ సంగతి మా అనుభవంలో పెద్దవారికే ఎక్కువ కొత్తగా ఉంటున్నది.

మూడవ కొమ్మ ఎక్కడ? దానికి తుఫాను కంటె కరోనా మంచి ఉదాహరణ. ఆ రోజులు తలచుకోవడం కష్టమే. మన సంఘాలలో ఖాళీ అయిన కుర్చీలు ఇంకా మన కన్నుల ముందు ఉన్నవి. అయినా పిల్లలు అనుభవించిన సంగతి గనుక చెప్పవలసిందే. కరోనాను విపత్తుగా ప్రకటించి అదే 2005 చట్టాన్ని ప్రభుత్వం వాడింది. అదే చట్టంలో 12వ సెక్షను, విపత్తులో చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన సహాయం గురించి కనీస ప్రమాణాలు నిర్ణయించాలని చెబుతున్నది. ఆ ప్రమాణాలు కరోనా మరణాలకు రాలేదు. కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2021 జూన్ 30న కోర్టు, ఇది ప్రభుత్వం ఇష్టానికి వదిలిన సంగతి కాదు, చట్టం పెట్టిన విధి అని తీర్పు చెప్పింది. అయితే ఎంత ఇవ్వాలో కోర్టు చెప్పలేదు! ఆ లెక్క మీరే తేల్చండని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు వదిలింది. సంస్థ యాభై వేల రూపాయలని తేల్చింది. ఆ డబ్బు దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాలకు జిల్లా అధికారుల ద్వారా అందింది.

ఆ యాభై వేలు అందుకున్న విధవరాలు ఎవరైనా మీ సంఘంలో ఉంటే ఆమె బిడ్డకు ఈ దారంతా చెప్పండి. పార్లమెంటు మాట ఇచ్చింది. కోర్టు ఆ మాట నిలబెట్టించింది. ప్రభుత్వ యంత్రాంగం లెక్క కట్టి బ్యాంకులో వేసింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బు ఆ ఇంటికి వచ్చేది కాదు.

ఒకే మనిషి రెండు కొమ్మల మీద కనిపించడం పిల్లలను బాగా తికమక పెడుతుంది. దీనికి కూడా దూరం వెళ్ళనక్కరలేదు. తెనాలి ఎమ్మెల్యే నాదెండ్ల మనోహర్ గారు 2011 నుండి 2014 వరకు శాసనసభ స్పీకరు. అప్పుడు ఆయన పని మంత్రులను కూడా క్రమశిక్షణలో కూర్చోబెట్టడం. 2024లో ఆయనే మంత్రి అయి పౌరసరఫరాల బాధ్యత తీసుకున్నారు. అదే సంవత్సరం రేపల్లె ఎమ్మెల్యే అనగాని సత్యప్రసాద్ గారు రెవిన్యూ మంత్రి అయ్యారు. బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు గారైతే ఎమ్మెల్యేగా, మంత్రిగా, 1981లో స్పీకరుగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా కూడా పనిచేశారు. మన పద్ధతిలో మంత్రి చట్టసభలో సభ్యుడై ఉండాలి, కాకపోతే ఆరు నెలలలోగా కావాలి. అమెరికాలో దీనికి తారుమారు, మంత్రి కావాలంటే చట్టసభ స్థానం వదులుకోవాలి. మనవారు రెండు కొమ్మలను కావాలనే దగ్గరగా కట్టారు, మంత్రులు ప్రతినిత్యం సభకు జవాబు చెప్పుకోవాలని. అయితే ఎమ్మెల్యేలందరినీ మంత్రులను చేసి నోరు మూయించకుండా 2003లో ఒక హద్దు పెట్టారు: ముఖ్యమంత్రితో కలిపి సభ్యుల సంఖ్యలో 15 శాతం మించరాదు. మన శాసనసభలో 175 మంది. ఎంతమంది మంత్రులు ఉండవచ్చో మీ పిల్లలతో లెక్క కట్టించండి. దశాంశం వస్తే ఏమి చేయాలో వారే చెప్పాలి.

సభకు జవాబు చెప్పకుండా పోతే ఏమవుతుందో 1984 ఆగస్టు చూపించింది. 1983లో మన వేమూరు నుండి గెలిచిన నాదెండ్ల భాస్కరరావు గారిని, ఎన్.టి. రామారావు గారి స్థానంలో ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ గారు ముఖ్యమంత్రిని చేశారు. బలం ఎవరికి ఉన్నదో సభలో తేల్చకుండానే. నెల రోజుల గొడవ తరువాత సెప్టెంబరు 16న రామారావు గారు తిరిగి ప్రమాణం చేశారు. 1985లో పార్లమెంటు ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, బలం తేలవలసింది సభలోనే గాని రాజభవన్‌లో కాదని చెప్పింది. పార్టీల సంగతి పిల్లలకు చెప్పవద్దు. నిన్న మొన్నటి రాజధాని తగాదా అసలే వద్దు, ఇంటికి వెళ్ళి తండ్రితో పోట్లాడతారు! నలభై ఏళ్ళు దాటిన సంగతిలో వేడి తగ్గి పాఠం మిగులుతుంది.

ఇక మన ఇండ్లలో అందరికంటె ముందు పిల్లలే అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. సర్టిఫికెట్టు ప్రశ్న. బాబాయి పిల్లలకు ఎస్.సి. అని, మాకు బి.సి.–సి. అని ఎందుకు వ్రాశారు? తాత ఒక్కడే, పేట ఒక్కటే గదా? చాలామంది తలిదండ్రులు "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని దాటవేస్తున్నారు. దాటవేయకండి. మూడు కొమ్మల పాఠం మన ఇంటి గుమ్మం మీదికి వచ్చేది ఇక్కడే.

ఆ కాగితం మీద సంతకం పెట్టే తహసిల్దారు మీద కోపం తెచ్చుకొని లాభం లేదు. షెడ్యూల్డు కులాల జాబితాను రాష్ట్రపతి ఉత్తర్వుగా 1950లో ప్రకటించారు. హిందువులు కానివారు ఆ జాబితాలోకి రారని దాని 3వ పేరాలో ఉన్నది. ఒకసారి ప్రకటించిన జాబితాను మార్చే అధికారం 341వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు మాత్రమే ఉన్నది. పార్లమెంటు 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రం తనకున్న అధికారంలో, ఎస్.సి. నుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి గ్రూపుగా పెట్టింది. దానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. 2023 మార్చిలో మన శాసనసభ, దళిత క్రైస్తవులను ఎస్.సి.లుగా గుర్తించమని తీర్మానం చేసింది. ఆ రోజు మిఠాయిలు పంచినవారు ఉన్నారు. కాని శాసనసభ తీర్మానం కేంద్రానికి పంపే విన్నపమే గాని చట్టం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. కమిషన్ సిఫారసు చేయగలదు, శాసించలేదు. సుప్రీంకోర్టులో 2004లోనే వ్యాజ్యం వేశారు. ఆ 3వ పేరా సమానత్వానికి విరుద్ధమా కాదా అన్నది కోర్టు చెప్పగలదు. అది చెప్పేవరకు క్రింది కోర్టులు ఉన్న ఉత్తర్వునే అనుసరిస్తాయి. 2025లో మన హైకోర్టు కూడా ఆ ఉత్తర్వు ఆధారంగానే ఒక కేసులో తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు ఆ బిడ్డ చేతికి కాగితం ఇచ్చి, తహసిల్దారు, ఎమ్మెల్యే, శాసనసభ, ఎంపీ, పార్లమెంటు, సుప్రీంకోర్టు అని వరుసగా వ్రాయించి, ఒక్కొక్కరి ఎదుట "ఈయన ఏమి చేయగలడు, ఏమి చేయలేడు" అని పూరింపజేయండి. ఎన్నికల సమయంలో "మీ సర్టిఫికెట్టు మార్పిస్తాను" అని ఎమ్మెల్యే అభ్యర్థి ఎవరైనా వాగ్దానం చేస్తే ఆ పదమూడేళ్ళ బిడ్డే లేచి, "అయ్యగారూ, అది మీ సభలో అయ్యే పని కాదు గదండీ, మా ఎంపీ గారితో మాట్లాడతారా?" అని అడుగుతుంది. అడగాలని మా కోరిక.

ఎమ్మెల్యే గారి చేత జడ్జిగారికి ఒక మాట చెప్పించుకుందామని చూచేవారి గురించి పైన అన్నాము. పిల్లలకు రాజ్యాంగంలో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు అధికరణాలు చూపించండి. 211వది, హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ విధి నిర్వహణలో నడుచుకున్న తీరును గూర్చి శాసనసభలో చర్చించరాదంటుంది. 212వది, సభ లోపలి కార్యక్రమం తీరు సరిగా లేదని కోర్టు విచారించరాదంటుంది. ఇద్దరు రైతుల మధ్య ఒకే గట్టు, రెండు వైపులనుండి కట్టినట్టు. సభలో నిలబడి కూడా అనకూడని మాట ఫోనులో చెవిలో చెప్పడం ఎలా ఒప్పవుతుంది?

మన ప్రాంతానికి హైకోర్టు కొత్త సంగతేమీ కాదు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు ప్రారంభమైంది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956లో ఆ కోర్టు హైదరాబాదు తరలిపోయింది. 2019 జనవరి 1 నుండి మళ్ళీ మన హైకోర్టు వేరుగా ఏర్పడి, అమరావతిలో నేలపాడు దగ్గర నడుస్తున్నది.

అంత దూరం అక్కరలేదు, ముందు ఊరి కోర్టుకు తీసుకొని వెళ్ళండి. తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడు చోట్లా సివిల్ జడ్జి కోర్టులు ఉన్నవి. మన పెద్దవారు ఇంకా మున్సబు కోర్టు అనే అంటారు. కేసు ఉన్నవారే వెళ్ళాలని చాలామంది అనుకుంటున్నారు. కోర్టు హాలు, కొన్ని ప్రత్యేకమైన కేసులలో తప్ప, అందరికీ తెరచి ఉండాలని చట్టం. ఐదారుగురు పిల్లలకంటె ఎక్కువమందిని ఒకేసారి తీసుకొని వెళ్ళవద్దు. ముందుగా కోర్టు ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోండి. సెల్‌ఫోను ఇంటి దగ్గరే వదలండి. వెనుక బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టండి. పేరు పెట్టి పిలవడం, వాయిదా వేయడం, సాక్షి చేత ప్రమాణం చేయించడం, ఇద్దరు లాయర్లు గట్టిగా వాదించుకొని బయట కలిసి టీ త్రాగడం – అన్నీ చూస్తారు. బయటికి వచ్చాక వారు అడిగే ప్రశ్నలకు సిద్ధపడి ఉండండి. "కలెక్టరు గారి మీద కూడా ఇక్కడ కేసు వేయవచ్చా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేయవచ్చు. ప్రభుత్వం మీద సివిలు దావాకు ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అంతే.

వచ్చే నెల గ్రామసభ గురించి, అందులో పిల్లలు కూర్చోవచ్చునా అనే సంగతి గురించి వ్రాస్తాము. ఈలోగా మూడు రంగుల గీతల పటాలు వేసిన పిల్లలు తరగతి, ఊరి పేరు వ్రాసి మాకు పంపగలరు. రేపల్లె పిల్లలు ఏటి ప్రక్క హద్దు జాగ్రత్తగా గీయాలి, కృష్ణ దాటితే అవతల జిల్లా వేరు.